మొద్దు చెప్పిన సాక్ష్యం

“నీ కొట్టులో ఈగ ఎందుకుండదు?”

ఇన్‌స్పెక్టరు అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. బల్లకు అవతల కూర్చున్న మాంసం కొట్టు యజమాని కూడా విసుక్కోకుండా అదే జవాబు మళ్ళీ చెప్పాడు.

“జాలీ తలుపు పెట్టించాను సార్. మాంసం రోడ్డు మీదికి వేలాడదీయను. నెత్తురు పడిన చోట అప్పటికప్పుడు కడిగేస్తాను. ఇంక ఈగకి నా దగ్గర పనేముంటుంది?”

“మందు కొట్టావు, అందుకే ఈగ లేదు. మాంసం కొట్టే మొద్దు నిండా పురుగుమందు ఉందని ల్యాబ్ వాళ్ళు రాసిచ్చారు. ఆ మొద్దు నీ కొట్టులో ఉంది. ఆ కొట్టు తాళం నీ జేబులో ఉంది. ఇంకేం కావాలి?”

కొట్టు యజమాని తల దించుకున్నాడు. మార్కెట్‌లో అందరూ అతన్ని సర్జన్ అంటారు. ముద్దుగా పెట్టిన పేరు కాదు, ఎగతాళికి పెట్టింది. తెల్ల యాప్రాన్ కట్టుకుని, మాటిమాటికీ మోచేతుల దాకా చేతులు కడుక్కునే మనిషిని చూసి మొదట్లో పక్క కొట్లవాళ్ళు పగలబడి నవ్వారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ నవ్వినవాళ్ళలోనే కొందరు తమ కొట్లకూ జాలీలు బిగించుకున్నారు. పేగులకు ఒక కత్తి, కండకు ఒక కత్తి అని వేరు చేసుకున్నారు. అంతా ఒక దారికి వస్తోంది అనుకుంటున్న సమయంలో, మొన్న ఆదివారం, సర్జన్ కొట్టులో మాంసం కొనుక్కెళ్ళి తిన్నవాళ్ళు పదిమంది ఆసుపత్రి పాలయ్యారు. వాంతులు, ఒళ్ళంతా చెమటలు, ఆవగింజంతగా ముడుచుకుపోయిన కంటిపాపలు. డ్యూటీ డాక్టరు చూడగానే పురుగుమందని పోల్చుకుని విరుగుడు ఇవ్వబట్టి తొమ్మిదిమందికి గండం గడిచింది. ఒక ముసలావిడ మాత్రం మంగళవారం తెల్లవారినా కళ్ళు తెరవలేదు.

ఆవిడకు ఏమైనా అయితే సర్జన్ మీద హత్యానేరం పడుతుంది.

కిటికీ పక్క కుర్చీలో ఇంతసేపూ నోరు మెదపకుండా కూర్చున్న డిటెక్టివ్ లేచి వచ్చాడు. సర్జన్ భార్య కాళ్ళావేళ్ళా పడితే ఈ కేసు తీసుకున్నాడు.

“నేను రెండు ముక్కలు అడగొచ్చా?”

“అడుగు బావా. వద్దంటే సాయంత్రం మా అక్క ఫోన్ చేసి నన్ను దులిపేస్తుంది” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అతను డిటెక్టివ్‌కు స్వయానా బావమరిది. ఈ ఊళ్ళో బావమరిది ఒకణ్ణి పట్టుకోవడం, బావ వచ్చి విడిపించుకుపోవడం రివాజైపోయింది. కిందటి కేసులో పేపర్ల వాళ్ళు ఆ మాట పైకే రాసేసరికి ఇన్‌స్పెక్టరు వారం రోజులు అక్క గుమ్మం తొక్కలేదు. ఈసారి ల్యాబ్ రిపోర్టు చేతిలో పెట్టుకుని ధీమాగా ఉన్నాడు.

డిటెక్టివ్ మంచినీళ్ళ గ్లాసు అందించాడు. సర్జన్ ఎడమచేత్తో అందుకుని గటగటా తాగాడు.

“ఆదివారం నువ్వు కొట్టులో లేవు. ఎక్కడికెళ్ళావు?”

“టౌన్‌హాలుకి సార్. నాలుగు మార్కెట్ల మాంసం కొట్ల వాళ్ళకీ మీటింగు పెట్టారు. శుభ్రం గురించి నన్ను మాట్లాడమన్నారు.” అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. “నేనక్కడ మైకు పట్టుకుని కబుర్లు చెబుతున్నాను. ఇక్కడ నా మాంసం తిని జనం పడిపోతున్నారు.”

“మరి కొట్టులో కత్తి పట్టింది ఎవరు?”

“నా బావమరిది.”

డిటెక్టివ్ ఓరగా ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. “చిక్కులన్నీ అక్కణ్ణుంచే వస్తాయి.”

ఇన్‌స్పెక్టరు వినిపించుకోనట్టు కాగితాలు సర్దుకున్నాడు.

“వాడూ ఆసుపత్రిలోనే ఉన్నాడు సార్” అన్నాడు సర్జన్. “ఆ మాంసం ముక్క నోట్లో పెట్టలేదు. పొద్దంతా ఆ మొద్దు దగ్గర పనిచేసినందుకే పడిపోయాడు.”

“మళ్ళీ నువ్వు కొట్టులో ఎప్పుడు అడుగుపెట్టావు?”

“పెట్టనే లేదు. మీటింగు నుంచి వచ్చేసరికి కొట్టుకి సీలు, ఎదురుగా జీపు. అటునుంచి అటే ఇక్కడికి తెచ్చారు.”

“అంటే శనివారం కొట్టు కట్టేసిన తర్వాత నీ మొద్దుని నువ్వు చూడలేదు.”

“లేదు సార్.”

“మొద్దు ఎక్కడికీ పారిపోలేదు బావా” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “చూడాలని ఉంటే తొందరగా చూసుకో. పదింటికి మున్సిపాలిటీ లారీ వస్తుంది. ఆ మొద్దు తీసుకెళ్ళి తగలబెట్టమని హెల్త్ ఆఫీసరు ఆర్డరు.”

“సాక్ష్యాన్ని తగలబెట్టడమేమిటి?”

“విషం నిండిన కొయ్య. మార్కెట్ నడుమ ఎన్నాళ్ళని పెట్టుకుంటారు? ఫొటోలు తీశాం, ముక్కలు ల్యాబ్‌కి పంపాం. చాలు.”

“ఎవరికి చాలు?” డిటెక్టివ్ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “సర్జన్‌ని కూడా తీసుకురా. అతను లేకుండా ఆ కొట్టు చూసి లాభం లేదు.”

“తీసుకురానంటే?”

“పదింటికి మొద్దు బూడిదవుతుంది. నువ్వు పట్టుకున్నది తప్పు మనిషినని ఆ తర్వాత తెలుస్తుంది. ఆ బూడిదంతా నీ నెత్తిన పోస్తారు. నేను అడ్డం రాను.”

ఇన్‌స్పెక్టరు పళ్ళు నూరాడు. కానీ జీపు తాళాలు తీసుకున్నాడు.

* * *

సర్జన్ కొట్టు ముందు ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకరు హెల్త్ ఆఫీసరు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మోచేతుల దాకా రబ్బరు గ్లోవ్స్. రెండో మనిషి సర్జన్ భార్య. జీపులో వెనక కూర్చున్న మొగుణ్ణి చూడగానే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే తుడుచుకుంది.

“అన్నగారూ, రెండు రోజులుగా ఈ కొట్టు కడగలేదు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఇదే మొదలు. ఆయన చూస్తే ఏడుస్తాడు” అంది డిటెక్టివ్‌తో.

సీలు తీసి షట్టరు ఎత్తారు. గోడలకు తెల్ల టైల్స్, మేకులకు వరసగా కత్తులు, మూలన గ్యాసు పొయ్యి మీద పెద్ద గిన్నె. ఒక పక్కన గల్లాపెట్టె, దానికీ మాంసం కొట్టే చోటుకీ మధ్య అద్దపు అడ్డుగోడ. ఆ అద్దం అవతల గట్టుకు ఆనించి ఉంది మొద్దు.

“దయచేసి ముట్టుకోకండి” అన్నాడు హెల్త్ ఆఫీసరు. “ప్రమాదం.”

డిటెక్టివ్ ముందు మొద్దు దగ్గరికి పోలేదు. మూలనున్న చెత్తబుట్ట మూత తీశాడు. మొద్దు ఎక్కని ఆదివారం నాటి తోలు ముక్కల మీంచి ఈగలు ఝుమ్మని లేచాయి. బుట్ట చుట్టూ చీమల బారు. ఆ బారు మొద్దు వైపు కొంతదూరం సాగి, ఏదో గోడ అడ్డం వచ్చినట్టు పక్కకు తిరిగిపోయింది. మొద్దు పగుళ్ళలో కొవ్వు, మాంసం తునకలు కనబడుతూనే ఉన్నాయి. ఒక్క ఈగ కూడా అటు వాలడం లేదు.

“అందులో మందుందని నేను ముందే చెప్పాను కదా” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మందుంది. ఒప్పుకున్నాను. ఎన్నాళ్ళ నుంచి ఉంది?”

డిటెక్టివ్ తానూ గ్లోవ్స్ తొడుక్కుని, సన్నటి ఉలితో మొద్దు అంచున ఒక చెక్క పేడు లేపాడు. పైపొర తెల్లగా, కొత్తగా గీకినట్టుంది. ఆ పొర కింద కొయ్య నల్లగా, జిడ్డుగా మారిపోయి ఘాటుగా కంపు కొట్టింది.

“ఒకరోజు కొట్టిన మందు ఇంత లోతుకు దిగదు. ఇది ఏళ్ళ తరబడి తాగిన కొయ్య. ఇప్పుడు చెప్పు బావమరిదీ, ఇన్నేళ్ళలో ఈ కొట్టు మాంసం తిని ఎవరైనా పడిపోయారా?”

ఇన్‌స్పెక్టరు ల్యాబ్ రిపోర్టు తిరగేశాడు.

“ఎవరూ పడిపోలేదు. మరి ఆదివారం ఏం మారింది?”

“అవన్నీ ల్యాబ్ వాళ్ళు తేలుస్తారు” అన్నాడు హెల్త్ ఆఫీసరు వాచీ చూసుకుంటూ. “లారీ వచ్చేస్తుంది.”

డిటెక్టివ్ సర్జన్ భార్య వైపు తిరిగాడు. “అమ్మా, ఆదివారం పొద్దున కొట్టు తెరిచాక ఏం చేశారు?”

“రోజూ చేసేదే. సలసల కాగే నీళ్ళు మొద్దు మీద పోసి, ఉప్పు వేసి, తీగ బ్రష్‌తో రుద్దాలి. ఆయన లేడు కదా అని వదిలెయ్యలేదు. మా తమ్ముడి చేత దగ్గరుండి చేయించాను.”

“దగ్గరుండి అంటే, మొద్దు మీరు చూశారా?”

“అద్దం ఇవతల గల్లా దగ్గరుండి అరిచాను. డబ్బు ముట్టిన చెయ్యి మాంసం వైపు రాకూడదని ఆయన రూలు. నన్ను ఆ గడప దాటనివ్వడు. పెళ్ళాన్నే దాటనివ్వడు.”

“మీ తమ్ముడు ఈ మొద్దు మీద కొట్టడం అదే మొదటిసారా?”

“కాదు. ఈయనకి ఒంట్లో నలతగా ఉన్నప్పుడల్లా వాడే వచ్చేవాడు. వస్తే చాలు, ఒకటే సణుగుడు. బావ మొద్దు నా చేతికి రాదు, ముక్క జారిపోతుంది, నా వేళ్ళు తెగుతాయి అని నా చెవి తినేసేవాడు.”

“ఆదివారం కూడా సణిగాడా?”

ఆవిడ సమాధానం చెప్పబోయి ఆగింది. నుదురు చిట్లించి ఆలోచించింది.

“లేదు. ఆదివారం సణగలేదు. ఈల వేసుకుంటూ కొట్టాడు.”

డిటెక్టివ్ ముఖంలో ఆ ఉదయం మొదటిసారి నవ్వు కనిపించింది. బయటికి చూసి, “సర్జన్‌ని లోపలికి పంపండి” అన్నాడు.

సర్జన్ లోపలికి వచ్చాడు. అలవాటుగా కుళాయి వైపు నడవబోయి, పక్కనున్న కానిస్టేబుల్ గుర్తొచ్చి ఆగాడు. తర్వాత అద్దం దాటి మొద్దు ముందు నిలబడ్డాడు. కళ్ళు చిట్లించాడు. వంగి చూశాడు.

“సార్, ఇది నాది కాదు.”

ఇన్‌స్పెక్టరు గట్టిగా నవ్వాడు. “స్టేషన్‌కి వచ్చిన ప్రతివాడూ అదే అంటాడు. కత్తి నాది కాదు, చొక్కా నాది కాదు. ఇప్పుడు మొద్దు కూడా నాది కాదట.”

“అతను చెప్పేది వినొద్దు. మొద్దు చెప్పేది విను” అన్నాడు డిటెక్టివ్. “దీనికి నోరుంది. నువ్వు వినిపించుకోవడం లేదు.”

“మొద్దని ఎవర్ని అంటున్నావు బావా?”

“నిన్ను కాదులే. ఇలా వచ్చి నిలబడు.”

ఇన్‌స్పెక్టరు అనుమానంగానే వచ్చాడు. డిటెక్టివ్ అతని చేతికి లాఠీ ఇచ్చాడు.

“మార్కెట్‌లో మొద్దులన్నీ ఒకే అడితిలో ఒకే కొలతకి కోయించారు. గుండ్రటి మొద్దు, గట్టుకి ఆనడానికి ఒక పక్క మాత్రం చదునుగా కోస్తారు. కాబట్టి తిప్పి పెట్టడానికి లేదు, కొట్టేవాడు ఎప్పుడూ ఇటువైపే నిలబడాలి. ఇప్పుడు ఎడమచేత్తో మాంసం పట్టుకున్నట్టు ఊహించుకుని కుడిచేత్తో కొట్టు.”

లాఠీ టపీమని మొద్దు మీద పడింది. ఏళ్ళ తరబడి కత్తిదెబ్బలకు అరిగి గుంట పడిన చోట సరిగ్గా కుదురుకుంది. ఆ గుంట కుడివైపున ఉంది.

“ఇప్పుడు సర్జన్‌కి ఇవ్వు.”

సర్జన్ లాఠీని ఎడమచేత్తో అందుకుని కొట్టాడు. అది ఎడమవైపు, అసలు అరగని మిట్ట మీద పడి పక్కకు జారింది.

“పుర్రచేతి వాటం” అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో నవ్వు పోయింది.

“ఇన్నేళ్ళుగా ఎడమచేత్తో కొట్టే మనిషి మొద్దుకి గుంట కుడివైపు పడుతుందా? కుడిచేతి వాటం ఉన్న బావమరిదికి ఆయన మొద్దు ఏనాడూ చేతికి రాలేదు. ఆదివారం మాత్రం హాయిగా వచ్చింది. ఎందుకంటే అది ఆయన మొద్దు కాదు, ఇంకెవరిదో కుడిచేతివాడిది. సర్జన్ చూసి ఉంటే చిటికెలో పట్టేసేవాడు. చూడకుండా మీటింగు అడ్డం వచ్చింది, ఆ తర్వాత నువ్వు అడ్డం వచ్చావు.”

డిటెక్టివ్ నేల చూపించాడు. తెల్ల టైల్స్ మీద రెండు సన్నటి గీతలు, చక్రాల బండి ఈడ్చిన గుర్తులు, మొద్దు దగ్గర్నుంచి వెనక తలుపు దాకా సాగాయి.

“వెనక తలుపు తాళం ఎవరి దగ్గరుంటుంది?”

“ఒకటి మా దగ్గర” అంది సర్జన్ భార్య. “అన్ని కొట్ల మారుతాళాలూ మార్కెట్ సంఘం ప్రెసిడెంటు దగ్గరుంటాయి. అగ్గి అంటుకుంటే పనికొస్తాయని.”

బయట లారీ హారన్ మోగింది. హెల్త్ ఆఫీసరు కూలీలకు సైగ చేశాడు. వాళ్ళు లోపలికి అడుగు వెయ్యబోతే ఇన్‌స్పెక్టరు లాఠీ అడ్డం పెట్టాడు.

“ఆగండి. మొద్దు మీద ఎవరి చెయ్యీ పడటానికి వీల్లేదు.”

“ఆర్డరు ఉంది కదా ఇన్‌స్పెక్టరు గారూ.”

“ఇదీ ఆర్డరే.” ఇన్‌స్పెక్టరు బావ వైపు చూడకుండా అడిగాడు. “అయితే సర్జన్ మొద్దు ఎక్కడున్నట్టు?”

“పద. కిలో మాంసం కొందాం” అన్నాడు డిటెక్టివ్.

* * *

ప్రెసిడెంటు కొట్టు మార్కెట్ గేటు పక్కనే. మిగతావాటికి రెండింతలుంటుంది. పోలీసులు, వాళ్ళ మధ్య సర్జన్, వెనకాల అతని భార్య, హెల్త్ ఆఫీసరు రావడం చూసి పక్క కొట్లవాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలేసి గుమిగూడారు.

“రండి రండి” అన్నాడు ప్రెసిడెంటు. “శుభ్రం శుభ్రం అని మా ప్రాణాలు తోడేసిన పెద్దమనిషిని ఊరేగిస్తున్నారా? నిన్న బయటి ల్యాబ్ వాళ్ళు వచ్చి నా మొద్దు గీకి చూసుకుని వెళ్ళారు. పైసా వంక పెట్టలేదు. జాలీలు, అద్దాలు లేకపోయినా.”

“అందుకే మీ దగ్గరికొచ్చాను” అన్నాడు డిటెక్టివ్. “ఒక కిలో కొట్టండి. ఎముకతో సహా.”

ప్రెసిడెంటు తొడ ముక్క తీసి మొద్దు మీద వేశాడు. కుడిచేత్తో కత్తి ఎత్తి కొట్టాడు. ముక్క ఎగిరి గట్టు మీద పడింది. దాన్ని వెనక్కి లాక్కుని మళ్ళీ కొట్టాడు. ఎముక సగం తెగి నిలిచిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు కనిపించింది అందరికీ, అతని ఎడమ బొటనవేలికి కట్టిన కట్టు.

“వేలికి ఏమైంది?”

“కత్తి తగిలింది.”

“ఎప్పుడు?”

“ఆదివారం పొద్దున.”

“పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కత్తి పట్టిన చెయ్యి కదా మీది. ఇంతకుముందు ఎప్పుడు తెగింది?”

ప్రెసిడెంటు కట్టు కట్టిన వేలు మడిచి దాచుకున్నాడు.

“ఆ మాంసం తీసి పక్కన పెట్టండి” అన్నాడు డిటెక్టివ్. “అందరూ చూడండి. ఈయన కుడిచేత్తో కొడతాడు. గుంట ఏ వైపుందో మీరే చెప్పండి.”

“ఎడమవైపు” అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి. అనేశాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మార్కెట్ మొత్తానికి పుర్రచేతి వాటం ఒక్కడికే ఉందని వాళ్ళకు డిటెక్టివ్ చెప్పనక్కర్లేదు.

ఇన్‌స్పెక్టరు సర్జన్ భుజం తట్టాడు. “వెళ్ళు. కొట్టి చూపించు.”

సర్జన్ ముందు కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ఎవరూ ఆపలేదు. మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. ఎవరూ నవ్వలేదు. మార్కెట్‌లో అతనికి ఆ పేరు పెట్టిన పేగుల కొట్టు ముసలాయన గబగబా వెళ్ళి ఉతికిన యాప్రాన్ ఒకటి తెచ్చి తనే నడుముకు కట్టాడు. సర్జన్ మొద్దును అరచేత్తో ఒకసారి నిమిరి, ఎడమచేత్తో కత్తి ఎత్తాడు. టక్, టక్, టక్. ముక్కలు అచ్చు పోసినట్టు ఒకే సైజులో వరసగా పడ్డాయి.

“ఇది నాదే సార్” అన్నాడు. కత్తి కింద పెట్టి, గట్టు పట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య ఇక రూలు పట్టించుకోలేదు. గడప దాటి వెళ్ళి మొగుడి చెయ్యి పట్టుకుంది.

అప్పుడే కానిస్టేబుల్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పరుగున వచ్చాడు. “సార్, ఆసుపత్రి నుంచి. ముసలావిడ కళ్ళు తెరిచిందట. మంచినీళ్ళు అడిగిందట.”

గుంపులో చప్పట్లు మొదలయ్యాయి. మొదట ఎవరు కొట్టారో తెలీదు, రెండు నిమిషాల పాటు మార్కెట్ దద్దరిల్లిపోయింది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. “ఈసారి కూడా నువ్వేనా బావా” అని మాత్రం గొణిగాడు. కానీ ముఖంలో కోపం లేదు.

ప్రెసిడెంటు కుర్చీలో కూలబడ్డాడు.

“చెప్పండి” అన్నాడు డిటెక్టివ్. “మీ మొద్దు మందు తాగిందని మీకు తెలుసు. సోమవారం బయటి ల్యాబ్ వాళ్ళు మీ మొద్దు పరీక్షకి వస్తున్నారని కూడా ముందే తెలిసింది. కొత్త మొద్దు పెడితే పాతదేదని అడుగుతారు. అందుకని సర్జన్ మొద్దు తెచ్చుకున్నారు.”

“మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేద్దామనుకున్నాను” అన్నాడు ప్రెసిడెంటు. “మొద్దులన్నీ ఒకే కొలత కదా, ల్యాబ్ వాళ్ళు వెళ్ళగానే మార్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆదివారమే సీలు పడింది. అయినా నాకు తెలీక అడుగుతాను, పదేళ్ళుగా ఆ మొద్దు మీదే కొట్టాను. రోజూ సాయంత్రం ఈగల మందు కొట్టి వెళ్ళేవాణ్ణి. ఏ ఒక్కరికీ ఏమీ కాలేదు. నా పిల్లల మీద ఒట్టు. ఆదివారమే ఎందుకిలా అయింది?”

“మీరెప్పుడైనా ఆ మొద్దు కడిగారా?”

“గుడ్డతో తుడిచేవాణ్ణి.”

“అదీ సంగతి. పైన జిడ్డు పేరుకుని ఉన్నంతకాలం విషం లోపలే ఇంకిపోయింది. మీ దగ్గర కొన్నవాళ్ళకి ఏమీ కాలేదని మీరనుకుంటున్నారు. ఎవరికో తలనొప్పి, ఎవరికో కడుపులో వికారం, ఎండ దెబ్బ అనుకుని ఊరుకుని ఉంటారు. శనివారం మీరు సర్జన్ మొద్దులా కనబడాలని పైపొర గీకేశారు. ఆదివారం పొద్దున వీళ్ళు దాని మీద సలసల కాగే నీళ్ళు పోసి ఉప్పుతో రుద్దారు. పదేళ్ళు తాగిందంతా ఒక్కసారిగా పైకి ఊరింది.”

అందరూ మొద్దు వైపే చూస్తున్నారు. డిటెక్టివ్ ఒక్కడే హెల్త్ ఆఫీసరు వైపు చూశాడు. పురుగుమందు పేరెత్తినప్పుడు గానీ, మొద్దు మారిందని తేలినప్పుడు గానీ ఆ మనిషి ముఖంలో ఏ మార్పూ లేదు. వేడినీళ్ళ మాట వినగానే నెత్తుటిచుక్క లేకుండా పాలిపోయింది.

“మందు ఎవరిచ్చారు?” అన్నాడు డిటెక్టివ్, కళ్ళు అతని మీంచి తిప్పకుండా. “ల్యాబ్ వాళ్ళు వస్తున్నారని చెప్పిందెవరు?”

ప్రెసిడెంటు వేలెత్తి చూపించాల్సిన పని కూడా లేకపోయింది.

“టైమెంతయింది?” అన్నాడు హెల్త్ ఆఫీసరు. చేతికి వాచీ ఉంది. అది చూసుకోవాలని అతనికి తోచడం లేదు.

“పదిన్నర కావస్తోంది” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఎందుకు?”

“మందు నేనే ఇచ్చాను. కావాలంటే బేడీలు వెయ్యండి.” అతను గ్లోవ్స్ లాగి పారేశాడు. “కానీ ముందు నా మాట వినండి. ఈ పొద్దున మిగతా మూడు మార్కెట్లకీ నోటీసు పంపాను. ఆదివారం గొడవ చూసి పైవాళ్ళు ఏదో ఒకటి చెయ్యమన్నారు. మొద్దులన్నీ మరిగే నీళ్ళతో కడిగాకే అమ్మకం మొదలుపెట్టాలని నేనే సంతకం పెట్టాను. వేడినీళ్ళకి విషం పైకి ఊరుతుందని నాకు తెలీదు. నిజంగా నాకు తెలీదు.”

ఇన్‌స్పెక్టరు అతని కాలరు పట్టుకున్నాడు. “ఆ మార్కెట్లలో నీ మందు ఎంతమంది వాడుతున్నారు?”

“చాలామంది.”

అందరికంటే ముందు తేరుకున్నవాడు సర్జన్.

“అందరూ ఫోన్లు తియ్యండి” అన్నాడు. “ఆ మార్కెట్లలో మీకు మామలున్నారు, బావలున్నారు, వియ్యంకులున్నారు. ఎవరి మనిషికి వాళ్ళు చెప్పండి. మొద్దు మీద నీళ్ళు పోయొద్దు. పోసేసి ఉంటే షట్టరు దించమనండి. ఒక్క ముక్క కూడా బయటికి పోకూడదు. ఎందుకని అడిగితే సర్జన్ చెప్పాడనండి.”

రెండేళ్ళ కిందట అతని మాటకు పగలబడి నవ్విన మార్కెట్ ఇప్పుడు మారుమాట్లాడకుండా అతని మాట విన్నది. ముప్పై గొంతులు ఒక్కసారి ఫోన్లలో అరవడం మొదలుపెట్టాయి. ఒరేయ్ మామా, నీళ్ళు దించెయ్. బావా, కత్తి పక్కన పెట్టు, ముందు నేను చెప్పేది విను. సర్జన్ భార్య గల్లాపెట్టె మీదికెక్కి నిలబడి, ఎవరికి కబురు అందిందో ఎవరికి అందలేదో పైనుంచి కేకేసి అడుగుతోంది.

“పాత బస్టాండు మార్కెట్ షట్టర్లు దించేసింది” అని అరిచారు ఎవరో. “నీళ్ళు ఇంకా పొయ్యి మీదే ఉన్నాయట.”

“రైల్వే గేటు వాళ్ళు కూడా ఆపేశారు. ఒక్క కొట్టులో కడిగారట, అమ్మలేదట.”

గుంపు మళ్ళీ హోరెత్తింది. డిటెక్టివ్ చెయ్యెత్తి ఆపాడు. పేగుల కొట్టు ముసలాయన ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చెవి మూసుకుని, కదలకుండా నిలబడి ఉన్నాడు. వియ్యంకుడితో మాట్లాడుతున్నాడు.

“వంతెన అవతలి మార్కెట్” అన్నాడు మెల్లగా, ఫోన్ దించి. “వాళ్ళు పొద్దున్నే నోటీసు అందుకుని పద్ధతిగా కడిగేశారు. తెరిచి గంటయింది. బేరాలు జోరుగా ఉన్నాయట.”

డిటెక్టివ్ సర్జన్ వైపు చూశాడు.

“గంట క్రితం కొన్నవాళ్ళు ఇంటికి చేరి ఉంటారు సార్” అన్నాడు సర్జన్. యాప్రాన్ విప్పలేదు, జీపు వైపు నడవడం మొదలుపెట్టాడు. “ఇంకా వండి ఉండరు. ఎవరెవరు కొన్నారో కొట్లవాళ్ళకి ముఖాలు గుర్తుంటాయి. మైకు ఉంటే వీధి వీధీ తిరిగి చెప్పొచ్చు. పొయ్యి మీదికి ఎక్కేలోపు అందుకోవాలి.”

హెల్త్ ఆఫీసరునీ ప్రెసిడెంటునీ కానిస్టేబుల్‌కి అప్పగించి, ఇన్‌స్పెక్టరు అప్పటికే జీపు ముందు తలుపు తెరిచాడు. రోజూ తను కూర్చునే సీటు సర్జన్‌కు చూపించి, మైకు అతని చేతికిచ్చి, తను వెనక్కి ఎక్కాడు.

“ఆసుపత్రికి ఫోన్ చెయ్యి బావా. విరుగుడు మందు ఎంతుంటే అంత వంతెన అవతలికి పంపమను” అన్నాడు.

జీపు సైరన్ మోగిస్తూ గేటు దాటింది.